టిక్కుకూ టిక్కుకూ నడుమ

ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి ముందు ఫ్యాను ఆపుతాను. తర్వాత ఫ్రిజ్ స్విచ్ తీసేస్తాను. బల్ల మీద తువ్వాలు మడతపెట్టి పరిచి, దాని మీద అరచేతిలో ఇమిడే లోహపు పీఠం ఒకటి ఉంచుతాను. దానికి రెండు దవడలు. వాటి నడుమ మా నాన్నగారి హెచ్‌ఎంటీ జనతా వాచీని, కీ ఒక దవడకు తగిలేటట్టు బిగిస్తాను. పీఠంలోని మైక్రోఫోను వాచీ లోపలి చప్పుడును పట్టి పక్కనున్న చిన్న పెట్టెకు అందిస్తుంది. పెట్టె తెర మీద చుక్కలు ఒకటొకటిగా పడుతూ రెండు గీతలవుతాయి. పైన మూడు అంకెలు వెలుగుతాయి.

దీన్ని టైమ్‌గ్రాఫర్ అంటారు. ఒకప్పుడు వాచీల ఫ్యాక్టరీల్లోనూ పెద్ద సర్వీసు సెంటర్లలోనూ తప్ప కనిపించేది కాదు. ఇప్పుడు చైనాలో తయారయ్యే వైషీ వంటి చిన్న యంత్రాలు ఇళ్ళలోకి కూడా వచ్చాయి. ఇది ఏ చప్పుడైనా టిక్కే అనుకుంటుంది. వీధిలో పాల వ్యాను వెళ్ళినా చాలు, వరుసగా పడుతున్న చుక్కలు చెల్లాచెదురవుతాయి. అందుకే ఆ వేళ. సూర్యోదయానికి రెండు ముహూర్తాల ముందు మొదలయ్యే బ్రాహ్మీ ముహూర్తాన్ని పెద్దలు ధ్యానానికి ఎందుకు ఎంచుకున్నారో చాలామంది చాలా కారణాలు చెబుతారు. నాకు ఈ చుక్కలు చెప్పిన కారణం ఒక్కటి చాలు. వినవలసినది చాలా సన్నగా ఉంది, మిగతా చప్పుళ్ళు తగ్గితే తప్ప వినపడదు.

మొదటిసారి దీన్ని వాడినప్పుడు నన్ను ఆశ్చర్యపరిచింది అంకెలు కావు. ఈ యంత్రం వాచీ ముఖం చూడదు. ముళ్ళు పది గంటలు చూపినా రెండు చూపినా దానికి ఒకటే. ముళ్ళు ఊడదీసి పెట్టినా అవే అంకెలు ఇస్తుంది. లోకానికి మనం చూపే ముఖం దాని లెక్కలోకే రాదు. లోపల ఏం జరుగుతోందో అదొక్కటే వింటుంది. అంతర్యామి అనే మాటను చిన్నప్పటి నుంచీ వింటున్నాను గానీ, ముళ్ళతో పనిలేకుండా వాచీ మంచిచెడులు చెప్పేది ఒకటి ఉందని కళ్ళారా చూసిన రోజున ఆ మాట నాకు కొంచెం దగ్గరైంది.

ఇంతకూ అది వినేది ఏమిటి? వాచీ లోపల బ్యాలెన్స్ వీల్ ఒక చిన్న ఊయల. దాన్ని మధ్యకు లాగుతూ ఉండేది వెంట్రుక లాంటి హెయిర్‌స్ప్రింగ్. హాలెండు శాస్త్రజ్ఞుడు హైగెన్స్ 1675లో ఈ చుట్ల స్ప్రింగును వాచీలోకి తెచ్చాడు. ఊయలను ఊపేవారు లేకపోతే అది ఆగిపోతుంది కాబట్టి, మనం కీ ఇచ్చిన మెయిన్‌స్ప్రింగ్ బలం పళ్ళ చక్రాల మీదుగా వచ్చి, ఒక చిన్న పంగలకర్ర లాంటి ఫోర్కు ద్వారా ప్రతిసారీ దాన్ని కొద్దిగా తోస్తుంది. మనకు ఒక్క టిక్కుగా వినిపించేది నిజానికి మూడు చప్పుళ్ళు. బ్యాలెన్స్‌కు ఉన్న చిన్న కెంపు రాయి ఫోర్కును తాకడం మొదటిది. చక్రం పన్ను ఫోర్కు రాయి మీద జారుతూ తోపు ఇవ్వడం రెండోది. ఫోర్కు పక్కకు వాలి, ఇంకో పన్ను వచ్చి దాని రాయికి కొట్టుకుని ఆగడం మూడోది.

మా నాన్నగారి వాచీ గంటకు 18,000 టిక్కులు కొడుతుంది. అంటే సెకనుకు అయిదు, ఒక్కో టిక్కుకు 200 మిల్లీసెకన్లు. వాచీ ఆరోగ్యంగా ఉంటే ఆ మూడు చప్పుళ్ళూ కలిపి 12 మిల్లీసెకన్లలో ముగుస్తాయి. మిగిలిన 188 మిల్లీసెకన్లూ బ్యాలెన్స్ దేన్నీ తాకకుండా, ఏ చప్పుడూ లేకుండా, ఒక కొస దాకా వెళ్ళి తిరిగి వస్తుంది. ఈ ఏర్పాటుకు ఆద్యుడు ఇంగ్లండులో 1750ల నాటి థామస్ మడ్జ్. పనివాళ్ళు దీన్ని డిటాచ్డ్ లీవర్ అంటారు. వేదాంతంలోని అసంగం అన్న మాటకు ఇంతకంటే దగ్గరి లౌకికమైన పేరు నేను ఎక్కడా చూడలేదు.

వాచీ కాలాన్ని నిలిపేది ఆ 188లోనే. ఊయలకు తన సహజమైన లయ ఉన్నది తాకిడి లేని ఆ దారిలోనే. తోపు తప్పనిసరి, కాని తోపు తగిలిన ప్రతిసారీ ఆ లయకు కొంత భంగమే. మంచి వాచీ తయారుచేసేవాడు చేసే ప్రయత్నమంతా ఆ తాకిడిని వీలైనంత చిన్నది చేయడానికే. యంత్రం మాత్రం ఆ చప్పుడునే వింటుంది, దానికి వేరే దారి లేదు. వినపడే కొద్దిపాటి నుంచి వినపడనిదాన్ని లెక్క కడుతుంది. పొగను చూసి నిప్పును తెలుసుకోవడాన్ని మన తర్కశాస్త్రం అనుమాన ప్రమాణమంది. ఇదీ ఆ కోవదే.

ఆ లెక్క ఎలా కడుతుందో చెప్పాలి, నా మనసంతా ఉన్నది అక్కడే. తెర మీది అంకెల్లో ఒకటి ఆంప్లిట్యూడ్. బ్యాలెన్స్ మధ్య నుంచి ఒక వైపుకు ఎన్ని డిగ్రీలు ఊగుతోందో చెప్పేది. 270 నుంచి 310 దాకా ఉంటే నిండు ఆరోగ్యం. 220 లోపుకు పడితే అలసట. యంత్రానికి కళ్ళు లేవు కదా, ఊగడం ఎలా తెలుస్తుంది? మొదటి చప్పుడుకూ మూడో చప్పుడుకూ మధ్య ఎంత వ్యవధి ఉందో చూస్తుంది. బాగా ఊగే బ్యాలెన్స్ మధ్యలోకి వచ్చేసరికి వేగంగా వస్తుంది కాబట్టి ఫోర్కును తాకి, తోపు అందుకుని, 12 మిల్లీసెకన్లలో దాటిపోతుంది. నీరసంగా ఊగేది అదే చోటును దాటడానికి 18 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. తాకిడి రెండింటికీ ఒకటే. ఎవరు దాన్ని ఎంత త్వరగా దాటిపోయారన్నదే బలానికి కొలత.

ఇది తెలిసిన రోజున నేను వాచీని వదిలి చాలాసేపు నా గురించే ఆలోచించాను. పొద్దున ఆఫీసులో ఎవరో అన్న మాట రాత్రి పడుకునే దాకా నాలో తిరుగుతూనే ఉంటుంది. మా నాన్నగారు పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. రోజూ ఎవరో ఒకరితో మాట పడకుండా ఇంటికి వచ్చేవారు కారు. వచ్చి, పెరట్లో గోళెం దగ్గర కాళ్ళు కడుక్కునేటప్పుడు ఆ సంగతి అమ్మకు రెండు ముక్కల్లో చెప్పేవారు. తువ్వాలుతో కాళ్ళు తుడుచుకునేసరికి అది అయిపోయేది. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తగా నేను వినలేదు. అది ఆయన స్వభావం అనుకునేవాణ్ణి. లోపల ఊగడం నిండుగా ఉన్నవాడు తాకిడి దగ్గర ఎక్కువసేపు నిలవడని ఇప్పుడు అర్థమవుతోంది.

ఈ ఆంప్లిట్యూడ్ లెక్కలో ఒక మెలిక ఉంది. ఫోర్కుతో బ్యాలెన్స్ కలిసి ఉండే కోణం, లిఫ్ట్ యాంగిల్ అంటారు, ఒక్కో రకం వాచీకి ఒక్కోలా ఉంటుంది. అది యంత్రానికి తెలియదు, మనమే చెప్పాలి. చెప్పకపోతే తనకు అలవాటైన 52 డిగ్రీలే అనుకుని లెక్క కడుతుంది. అప్పుడు నిండుగా ఊగే వాచీని నీరసంగా ఉందని చెప్పవచ్చు, నీరసంగా ఉన్నదాన్ని భేష్ అనవచ్చు. మనవాళ్ళు అధికారభేదం అన్నది, అంటే ఎవరి అర్హతను బట్టి వారికి సాధన అన్నది, ఎంత అవసరమో ఇక్కడ చూడండి. ఒకరి కోణంతో ఇంకొకరి సాధనను కొలిస్తే అంకె వస్తుంది, అది తప్పని మనకు తెలియను కూడా తెలియదు.

ఇక రోజుకు ఎన్ని సెకన్లు ముందో వెనకో చెప్పే అంకె, రేటు. అందరూ మొదట చూసేది అదే, చెప్పేది మాత్రం అన్నిటికంటే తక్కువ. నాన్నగారు పోయిన తర్వాత ఆ వాచీ లేటు నడవడం మొదలుపెట్టింది. ఒక రిపేరు షాపుకు తీసుకెళ్ళాను. వెనక మూత తీసి, కంటికి భూతద్దం పెట్టుకుని, పట్కారు కొనతో ఒక చిన్న లీవరును ప్లస్ గుర్తు వైపు జరిపి, రెండు నిమిషాల్లో ఇచ్చేశారు. ఆ లీవరు హెయిర్‌స్ప్రింగ్ పనిచేసే పొడవును తగ్గిస్తుంది, పొడవు తగ్గితే వాచీ వేగం పెరుగుతుంది. వాచీ సరైన టైమే చూపింది. నేనూ సంతోషించాను. యంత్రం కొన్న తర్వాత మొదట పెట్టింది ఆ వాచీనే. రేటు ప్లస్ 3, అంటే చాలా బాగున్నట్టే. ఆంప్లిట్యూడ్ 188. లోపల నూనె ఎండిపోయి, చక్రాలు ఈడ్చుకుంటూ తిరుగుతున్నాయి. ముఖం మీద మాత్రం టైము సరిగ్గా ఉంది.

గీత మూడో అధ్యాయం మిథ్యాచారుడన్నది ఇలాంటివాణ్ణే అనిపించింది. చేతులూ కాళ్ళూ కట్టేసుకుని కూర్చుంటాడు, మనసు మాత్రం విషయాల చుట్టూ తిరుగుతూ ఉంటుంది. వేళకు పూజ, వేళకు ఉపవాసం, రేటు ప్లస్ 3. నేను కొన్నేళ్ళు అలాగే గడిపాను కాబట్టి ఈ మాట చెప్పే ధైర్యం చేస్తున్నాను. సంధ్యావందనం ఒక్క పూట తప్పలేదు, ఇంట్లో ఎవరితోనూ నాలుగు మంచి మాటలూ లేవు.

నూనెను సంస్కృతంలో స్నేహం అంటారు. ప్రేమనూ స్నేహమే అంటారు. వాచీ లోపల నూనె ఎండిపోవడం అంటే ఏమిటో ఆ ఒక్క మాట చెబుతుంది. ఒక పాత పనివాడి దగ్గర ఆ వాచీని పూర్తిగా విప్పించి కడిగించాను. పక్కన కూర్చుని చూశాను. ఆయన నూనె వేసే సూది కొస మనం రోజూ వాడే సూదికంటే సన్నం. పదిహేడు రాళ్ళలో వేటికి నూనె వేయాలో వాటికి మాత్రమే, రాయి గుంటలో సగం నిండేంత వేశారు. ఎక్కువైతే అది పక్కకు పాకి, హెయిర్‌స్ప్రింగ్ దాకా పోయి, చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయని చెప్పారు. అతుక్కుంటే వాచీ నిమిషాలకు నిమిషాలు ముందుకు పరిగెడుతుంది. అయస్కాంతం తగిలినా అదే జరుగుతుంది. స్నేహం లేకపోతే అరుగుదల, ఎక్కువైతే సంగం. మమతకూ ప్రేమకూ మధ్య పెద్దలు గీసిన గీత ఆ సూది కొసన కనిపించింది. విప్పి కడిగిన తర్వాతే ఆయన లీవరును ముట్టుకున్నారు. చిత్తశుద్ధి ముందు, తక్కినదంతా తర్వాత అని వేదాంత గ్రంథాలు పట్టుబట్టడంలో ఉన్న క్రమం ఇదే.

మూడో అంకె బీట్ ఎర్రర్. వెళ్ళేటప్పటి టిక్కుకూ వచ్చేటప్పటి టిక్కుకూ వ్యవధిలో తేడా. తేడా ఉంటే తెర మీద రెండు గీతలు ఎడంగా సాగుతాయి. తేడా పోయిన కొద్దీ దగ్గరై, చివరకు ఒకే గీతగా కలిసిపోతాయి. లోపలికి పోయే గాలినీ బయటికి వచ్చే గాలినీ సమం చేయమని గీత అయిదో అధ్యాయం చివర చెబుతుంది. దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

గాలి మాట వచ్చింది కాబట్టి ఒక లెక్క చెప్పాలి. గడియారం అన్న మన మాటలోనే గడియ ఉంది. రోజుకు అరవై గడియలు, ఒక్కో గడియ 24 నిమిషాలు. అడుగున సన్నని రంధ్రమున్న రాగి పాత్రను నీళ్ళలో వదిలితే రోజుకు అరవైసార్లు మునగాలని సూర్యసిద్ధాంతం చెబుతుంది. ఆ గ్రంథం ప్రకారం గడియకు అరవై విగడియలు, విగడియకు ఆరు ప్రాణాలు. ప్రాణం అంటే ఒక ఉచ్ఛ్వాస నిశ్వాసల జత, ఇంచుమించు నాలుగు సెకన్లు. ఆరును అరవైతో, దాన్ని మళ్ళీ అరవైతో గుణిస్తే రోజుకు 21,600 ప్రాణాలు. యోగచూడామణి ఉపనిషత్తు ప్రకారం మనిషి తెలియకుండానే రోజుకు చేసే హంస జపం లెక్క కూడా అదే, 21,600. సీకో 5 వాచీల్లో చాలా ఏళ్ళు వాడిన 7ఎస్26 యంత్రం గంటకు కొట్టే టిక్కులు 21,600. నాన్నగారి జనతా రోజుకు కొట్టే టిక్కులు 4,32,000. కలియుగానికి చెప్పిన సంవత్సరాలూ అన్నే.

ఇందులో రహస్యం ఉందని చెప్పను. అరవైని నమ్ముకున్న లెక్కలు ఎక్కడో ఒకచోట కలవడం సహజం. అలాంటి కలయికలను పట్టుకుని మన శాస్త్రాలను పొగడడం శాస్త్రాలకు గౌరవం కాదని నా అభిప్రాయం. నన్ను పట్టి నిలిపింది ఇంకొకటి. సూర్యసిద్ధాంతం కాలాన్ని రెండుగా చెబుతుంది, లోకాలను అంతం చేసేది ఒకటి, లెక్కకు అందేది ఒకటి. లెక్కకు అందేదానిలో కూడా ప్రాణం నుంచి పైకి ఉన్నది మూర్తం, అంతకంటే సూక్ష్మమైనది అమూర్తం. అంటే కాలానికి రూపం వచ్చేది ఒక ఊపిరితో. గీతలో కూడా కృష్ణుడు తాను కాలాన్నని వేరువేరు చోట్ల చెప్పుకున్నాడు. ఒకచోట లెక్కపెట్టేవారి కాలం, ఒకచోట తరగని కాలం, విశ్వరూపంలో లోకాలను కబళించే కాలం. ఈ యంత్రం కొలిచేది మొదటిదాన్ని మాత్రమే. జనతా ఇరవైసార్లు కొట్టేలోపు నాకు ఒక ఊపిరి అయిపోతుంది, అది ఇంకే కాలానికి చెందినదో యంత్రం చెప్పదు.

యంత్రం దేన్ని బట్టి తప్పొప్పులు చెబుతోందన్న ప్రశ్న కూడా వస్తుంది. దాని లోపల ఒక క్వార్ట్జ్ స్ఫటికం ఉంది, దాని లయతో పోల్చి వాచీని కొలుస్తుంది. ఆ స్ఫటికాన్ని సరిచూడాలంటే అణుగడియారం కావాలి. 1967 నుంచి సెకను అంటే సీజియం పరమాణువుకు సంబంధించిన 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 కంపనాలు. మన దేశపు సమయాన్ని ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల అలాంటి గడియారాలతోనే నిలుపుతోంది. ఒకదాన్ని కొలవడానికి అంతకంటే నిలకడైనది వెనక ఉండాలి. దృగ్‌దృశ్యవివేకం ఈ మెట్లే ఎక్కుతుంది. రూపాన్ని చూసేది కన్ను, కన్నును చూసేది మనసు, మనసును చూసేది సాక్షి. సాక్షిని చూసేది ఇంకేదీ లేదు. భౌతికశాస్త్రం సీజియం దగ్గర ఒక ఒప్పందం చేసుకుని ఆగింది. వేదాంతం ఒప్పందం దగ్గర ఆగలేదు.

ఇంట్లో వాచీ చూసుకునేవారు తరచూ చేసే పొరపాటు, డయల్ పైకి పెట్టి ఒక్కసారి చూసి తృప్తి పడడం. పడుకోబెట్టిన వాచీ ఒకలా నడుస్తుంది, నిలబెట్టినది ఒకలా. డయల్ పైకి, డయల్ కిందికి, కీ పైకి, కీ కిందికి, కీ ఎడమకు, కీ కుడికి, ఆరు భంగిమల్లో చూస్తే తప్ప దాని తీరు తెలియదు. స్విట్జర్లాండులో క్రోనోమీటర్ పట్టా ఇచ్చే సంస్థ ఒక్కో వాచీ యంత్రాన్ని పదిహేను రోజులపాటు అయిదు భంగిమల్లో, 8, 23, 38 డిగ్రీల వేడిలో పరీక్షిస్తుంది. స్థితప్రజ్ఞుడి గురించి విన్న వెంటనే అర్జునుడు ఏమడిగాడో గుర్తు చేసుకోండి. అతడు ఎలా మాట్లాడతాడు, ఎలా కూర్చుంటాడు, ఎలా నడుస్తాడు అని అడిగాడు. చాలాకాలం ఇది పైపై ప్రశ్నలా అనిపించేది. అర్జునుడు అడిగింది భంగిమల లెక్క. ధ్యానంలో కూర్చున్నప్పటి ప్రశాంతత డయల్ పైకి పెట్టి చూసిన అంకె లాంటిది. బస్సులో, ఆసుపత్రి వరండాలో, ఆస్తి పంపకాల దగ్గర చూసినప్పుడు మిగతా అయిదూ తెలుస్తాయి.

కడిగించిన తర్వాత నాన్నగారి వాచీని ఆరు భంగిమల్లోనూ చూసి కాగితం మీద రాసుకున్నాను. డయల్ పైకి ప్లస్ 6, ఆంప్లిట్యూడ్ 272. కీ కిందికి ప్లస్ 10. కీ పైకి మైనస్ 16. ఆ మైనస్ 16 దగ్గర కలం ఆగిపోయింది.

నాన్నగారు రాత్రి పడుకునే ముందు వాచీ తీసి దేవుడి గూట్లో విభూతి పెట్టెకు ఆనించి, కీ పైకి ఉండేటట్టు నిలబెట్టేవారు. ఎవరైనా బల్ల మీద వెల్లకిలా పెడితే లేచి వెళ్ళి మళ్ళీ నిలబెట్టి వచ్చేవారు. అది ఒక పట్టింపు అనుకున్నాం. ఎడమ చేతికి పెట్టుకున్న వాచీ, చెయ్యి వేలాడుతున్నప్పుడు కీ కిందికి ఉంటుంది. పగలు పదహారు గంటల్లో అది అయిదారు సెకన్లు ముందుకు పోతుంది. రాత్రి ఎనిమిది గంటలు కీ పైకి నిలబడి ఆ అయిదారూ వెనక్కి ఇచ్చేస్తుంది. బ్యాలెన్స్ చక్రంలో ఒక పక్క వెంట్రుకవాసి బరువు ఎక్కువ ఉండటం వల్ల వచ్చిన తేడా అది, పుట్టుకతో వచ్చినది, కడిగితే పోదు. 1801లో బ్రెగే అనే వాచీల తయారీదారు పేటెంటు పొందిన టూర్‌బిల్లాన్ ఇలాంటి తేడా కోసమే బ్యాలెన్స్‌ను మొత్తంగా తిప్పుతుంది. మా నాన్నగారి దగ్గర టూర్‌బిల్లానూ లేదు, టైమ్‌గ్రాఫరూ లేదు. పొద్దున్నే రేడియోలో వార్తలకు ముందు వచ్చే పిప్ పిప్‌లు ఉన్నాయి. ఎన్ని రాత్రులు ఎన్ని రకాలుగా పెట్టి చూశారో, ఎన్ని పొద్దుటిపూటలు సరిపోల్చారో ఎవరికీ చెప్పలేదు.

హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ మూసివేతకు 2016లో కేంద్ర ప్రభుత్వం ఆమోదం తెలిపింది. మీ ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున పెద్దవాళ్ళ కీ వాచీ ఉంటే, దాన్ని నడిపించాలనిపిస్తే, దయచేసి లీవరు జరపనివ్వకండి. ముందు విప్పి కడిగించండి.

మా ఇంట్లో అది ఇప్పుడు కూడా రాత్రిపూట విభూతి పెట్టెకు ఆనుకొనే, కీ పైకి నిలబడి ఉంటుంది. ఈ రోజు పొద్దున పిప్ పిప్‌లతో సరిచూశాను. ఒక సెకను ముందుంది.